దేవునితో సొంత మాట

తెలుగునాట సంఘాలను కాస్తున్న కాపరులకు బహిరంగ లేఖ

క్రైస్తవ విశ్వాసంలో దేవుడు మాట్లాడే దేవుడు, జవాబు కోసం ఎదురుచూసే దేవుడు. ఆదికాండం మూడో అధ్యాయంలో చల్లపూట తోటలోకి వచ్చిన ఆయన మొదట చేసిన పని శిక్ష చెప్పడం కాదు, ఎక్కడున్నావని ఆదామును అడగడం. అబ్రాహామును దేవుని స్నేహితుడని పాత నిబంధన, కొత్త నిబంధన రెండూ అంటాయి. మోషేతో ఆయన మాట్లాడిన తీరుకు నిర్గమకాండం ఎంచుకున్న పోలిక కూడా స్నేహమే. యేసు చివరి రాత్రి గెత్సేమనేలో వాడిన పిలుపు ‘అబ్బా’. అది ఆయన మాట్లాడిన అరామిక్ భాషలోని మాట. గ్రీకులో సువార్త రాసిన మార్కు దాన్ని అనువదించి వదిలెయ్యకుండా మూలంలోని మాటను కూడా ఉంచాడు. రోమీయులకు, గలతీయులకు రాసిన పత్రికల్లో పౌలూ అలాగే ఉంచాడు. అది పసిపిల్లల ముద్దుపలుకని ప్రసంగాల్లో తరచూ వినిపిస్తుంది గానీ, అందులో నిజం సగమే. పెరిగి పెద్దయిన కొడుకులూ కూతుళ్ళూ కూడా తండ్రిని ఆ మాటతోనే పిలిచేవారు. తెలుగులో దానికి సరిగ్గా సరిపోయేది ‘నాన్న’. మూడేళ్ళ పిల్ల అంటుంది, అరవై ఏళ్ళ కొడుకూ అంటాడు.

ఆ పిలుపులో ఉన్న చనువే దేవునితో సన్నిహిత సంబంధమంటే. అది ఒక అనుభూతి పేరు కాదు. కూటంలో కళ్ళు చెమర్చడం, ఒళ్ళు జలదరించడం దానికి తోడు రావచ్చు, రాకపోవచ్చు. గొర్రెలు తమ కాపరి స్వరాన్ని ఎరుగుతాయని యోహాను సువార్త పదో అధ్యాయంలో యేసు చెప్పిన పోలికలో కీలకం ఆ ఎరుకే. గొర్రెకు స్వరం ఒక్క పూటలో తెలియదు. ఎండలోనూ వానలోనూ ఆ మనిషి వెంట తిరగ్గా తిరగ్గా తెలుస్తుంది.

ఈ ఎరుక ఎలా కలుగుతుందో, అందులో మరో మనిషి చెయ్యగలిగింది ఎంతో, సమూయేలు మొదటి గ్రంథం మూడో అధ్యాయం చూపిస్తుంది. కాపరులకు ఇది కొత్త కథ కాదు, సండే స్కూలు పిల్లలకూ కొత్త కాదు. షిలోహు మందిరంలో దీపం ఇంకా ఆరలేదు. పిల్లవాడు సమూయేలు పడుకుని ఉన్నాడు. పేరు పెట్టి ఎవరో పిలిచారు. లేచి యాజకుడు ఏలీ దగ్గరికి పరుగెత్తాడు. ఏలీ తాను పిలవలేదని, వెళ్ళి పడుకోమని అన్నాడు. రెండోసారీ అంతే. మూడోసారి ముసలి యాజకుడికి సంగతి తట్టింది. అప్పుడు ఆయన ‘నువ్విక్కడే ఉండు, ఆయన ఏమంటాడో నేను విని వస్తాను’ అని ఉండవచ్చు. కళ్ళు మసకబారాయి గానీ పదవి మసకబారలేదు. పిల్లవాడు కాదనేవాడూ కాదు. ఏలీ ఆ పని చెయ్యలేదు. వెనక్కి వెళ్ళి ఎప్పటి చోటనే పడుకోమన్నాడు. మళ్ళీ పిలుపు వస్తే ఏమని పలకాలో ఒక్క ముక్క నేర్పాడు. తాను పడుకున్న చోటు నుంచి లేవలేదు.

ఏలీలో తప్పులు చాలానే ఉన్నాయి. కన్నకొడుకులను అదుపులో పెట్టలేకపోయాడు. అంతకుముందు అదే మందిరంలో పెదవులు మాత్రమే కదుపుతూ ఏడుస్తున్న హన్నాను చూసి తాగి వచ్చిందనుకున్నాడు. అయినా ఆ రాత్రి ఆయన చేసింది ఆత్మల కాపుదలకు ఇప్పటికీ మొదటి పాఠమే. తెలుగు సంఘాల్లో కొరత కూడా సరిగ్గా అక్కడే ఉంది. పిలుపు విని పరుగెత్తుకొచ్చేవాళ్ళకు లోటు లేదు. వాళ్ళను వెనక్కి పంపి, ఏమని పలకాలో నేర్పేవాళ్ళకే లోటు.

డిసెంబరు 31 రాత్రి చాలా సంఘాల్లో కనిపించే దృశ్యం ఒకటుంది. పన్నెండు కొట్టగానే కేకలు, కేకు ముక్కలు, కరచాలనాలు. ఆ తర్వాత ముందున్న బల్ల మీద స్టీలు పళ్ళెంలోనో అట్టపెట్టెలోనో వాగ్దాన కార్డులు. అరచేతిలో ఇమిడే కార్డు, అంచున గులాబీల బొమ్మ, మధ్యలో ఒక వచనం. వరుసలో తన వంతు వచ్చిన తల్లి కొంగు నెత్తిన సర్దుకుని, కళ్ళు మూసుకుని, పైనున్న నాలుగు కార్డులు పక్కకు జరిపి అడుగు నుంచి ఒకటి తీస్తుంది. కొడుకు ఉద్యోగానికో కూతురి కాన్పుకో అతికే వచనం వస్తే ఆమె మొహం వెలుగుతుంది. గద్దింపు వచనాలు ఆ పెట్టెలో ఉండవు, అచ్చు వేయించినవాళ్ళే ముందుగా ఏరేస్తారు. ఇంటికెళ్ళాక కార్డు అద్దం మూలకో, బీరువా తలుపుకో, బైబిలు సంచి జిప్పులోకో చేరుతుంది. ఎండాకాలం వచ్చేసరికి దాని మీద ఏం రాసుందో చూసుకుంటే తప్ప గుర్తురాదు.

ఆ కార్డును వెక్కిరించడం సులువు గానీ న్యాయం కాదు. దేవుడు తనకంటూ ఒక మాట చెప్పాలని ఆ తల్లి ఆకలి. సంబంధానికి మొదలు ఆ ఆకలే. చిక్కంతా కార్డు దగ్గరే ఆగిపోవడంతో. అందరికీ ఇష్టమైన వాగ్దానాల్లో ఒకటి యిర్మీయా 29వ అధ్యాయంలోని 11వ వచనం. అది ఒక ఉత్తరంలోని వాక్యం. యెరూషలేము నుంచి బబులోను చెరలో ఉన్నవాళ్ళకు ప్రవక్త రాసి పంపిన ఉత్తరం. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, తిరిగి రావడానికి డెబ్బై ఏళ్ళు పడుతుంది అన్నది ఆ ఉత్తరం సారాంశం. మేలు జరుగుతుందన్న మాట దాని మధ్యలో ఉంది. ఉత్తరమంతా చదివిన మనిషికి దేవుడు ఓర్పుగలవాడిగా, దూరం చూసేవాడిగా పరిచయమవుతాడు. కార్డు మాత్రమే చదివితే లాటరీ తగిలించేవాడిగా కనిపిస్తాడు. డెబ్బై ఏళ్ళు కార్డులో పట్టవు మరి.

ప్రార్థన మనవుల చీటీలు, నూనె సీసాలు, ఫోనులో ప్రార్థనలు కూడా ఈ కోవలోవే. ఒకరి కోసం ఒకరు ప్రార్థించడం తప్పు కాదు. రోగి ఉంటే సంఘ పెద్దలను పిలిపించి నూనె రాయించి ప్రార్థన చేయించమని యాకోబు పత్రికే చెబుతోంది. ఇబ్బంది ఎక్కడంటే ‘అయ్యగారూ, మీరు చేస్తే దేవుడు వింటాడండీ’ అనే మాటలో. ఆ మాట వినడానికి ఏ కాపరికైనా బాగానే ఉంటుంది, అందుకే దిద్దడం కష్టం. విశ్వాసులందరూ యాజకులేనని పేతురు మొదటి పత్రిక ఆధారంగా 16వ శతాబ్దంలో మార్టిన్ లూథర్ వాదించాడు. ఆ వాదన నీడలో పెరిగిన సంఘాల్లోనే కొత్త యాజకులు తయారు కావడం చరిత్ర ఆడిన చిన్న పరిహాసం.

ఈ విషయంలో తెలుగు భాష బోధకులకంటే ముందుంది. తెలుగులో మామగారికి ‘మీరు’, బడిపంతులుకు ‘మీరు’, కాపరికి ‘అయ్యగారు, మీరు’. దేవుడికి మాత్రం ‘నీవు’, ‘నువ్వు’. అమ్మనూ ప్రాణస్నేహితుణ్ణీ పిలిచినట్టే. దేవుణ్ణి ఎవరైనా ‘మీరు’ అంటే వినేవాళ్ళకు ఎబ్బెట్టుగా ఉంటుంది. వ్యాకరణం ప్రకారం దేవుడు కాపరికంటే దగ్గరివాడు. ఇంత చనువు భాషే ఇచ్చినా, దాని పక్కనే ఒక గోడ కూడా లేచింది. సంఘంలో పైకి ప్రార్థించేవాళ్ళ భాష పాత తెలుగు బైబిలు గ్రాంథికాన్ని పోలి ఉంటుంది. మహోన్నతుడవు, మహా ఘనుడవు అంటూ నాలుగు విశేషణాలు దాటితే గానీ విషయంలోకి రాదు. రైతుబజారులో పొద్దున్నే వంకాయల బుట్ట ముందు కూర్చుని పదిమందితో ఒకేసారి బేరమాడి, ఒకరిని నవ్వించి, ఒకరిని కసిరి, చిల్లర లెక్క తప్పకుండా అప్పజెప్పే ఆవిడ ఆదివారం నాడు ‘నాకు ప్రార్థన చెయ్యడం రాదండీ’ అంటుంది. ఆమెకు రానిది ప్రార్థన కాదు, గ్రాంథికం.

ఆమెకు చేతికివ్వదగిన పుస్తకం కీర్తనల గ్రంథం. అందులో 150 కీర్తనలుంటే సంఘంలో వల్లెవేసేవి పదో పదిహేనో: 23, 91, 100, 103, 121 లాంటివి. మిగతావాటిలో పెద్ద భాగం ఫిర్యాదులు. 13వ కీర్తన ఎంతకాలమని నాలుగుసార్లు నిలదీస్తుంది. 88వ కీర్తన చివర స్తుతి లేదు, ఓదార్పు లేదు. అది మొరతో మొదలై చీకటి దగ్గర ఆగుతుంది. దాన్ని ఎవరో దిద్ది చివర రెండు స్తుతి మాటలు తగిలించి ఉండవచ్చు, అలా చెయ్యకుండా శతాబ్దాల పాటు ఉన్నదున్నట్టే కాపాడారు. దేవుని మీద దేవుడికే ఫిర్యాదు చెయ్యడం అవిశ్వాసమైతే యోబు, యిర్మీయా, దావీదు ముగ్గురూ అవిశ్వాసులే. ఇంట్లో పోట్లాడేది మన అనుకున్నవాళ్ళతోనే. పరాయివాళ్ళతో మర్యాదగా మాట్లాడి పంపిస్తారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో రాగం, తాళం పేర్లతో సహా అచ్చయిన పాత పాటల్లో ఈ మొర ఇంకా వినిపిస్తుంది. 19వ శతాబ్దపు పురుషోత్తమ చౌదరి వంటి కవులు దేవుడి ముందు తమ దీనతను దాచుకోలేదు. ఇప్పటి స్తుతి గీతాల్లో వాయిద్యం పెరిగిన మేరకు ఆ మొర తగ్గింది.

మాట తర్వాత చోటు, వేళ. రహస్య ప్రార్థనకు మత్తయి ఆరో అధ్యాయంలో యేసు చెప్పిన గదికి గ్రీకు మూలంలో ఉన్న మాట ‘తామెయోన్’. సరుకు దాచుకునే కొట్టు, లోపలి గది అని దాని అర్థం. ఆనాటి పల్లెల్లో పేదల ఇళ్ళు పెద్దవి కావు. గింజలూ నూనె కుండలూ ఉండే ఆ మూలనే తలుపు వేసుకునే వీలు. ఆయన చెప్పింది ప్రత్యేకంగా కట్టించుకున్న ప్రార్థన గది గురించి కాదన్నమాట. రెండు గదుల కాలనీ ఇంట్లో ఆరుగురు సర్దుకునే కుటుంబానికి ఇది చిన్న సంగతి కాదు. మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషులైన జాన్, చార్లెస్ వెస్లీల తల్లి సుసన్నా వెస్లీ 19 మంది పిల్లలను కన్నది. ఆ ఇంట్లో ఏకాంతం దొరక్క ఆమె వంటప్పుడు కట్టుకునే గుడ్డను తల మీదికి లాక్కుని కూర్చుంటే, అమ్మ ప్రార్థనలో ఉందని పిల్లలు అల్లరి ఆపేవారని చెబుతారు. తెలుగు క్రైస్తవ స్త్రీకి ఈ కథ విడమరచి చెప్పనక్కర్లేదు. ఆమె కొంగే ఆమె గది.

యేసుకు ఆపాటి గది కూడా లేదు. మార్కు మొదటి అధ్యాయంలో కపెర్నహూములో ఒక సాయంత్రం ఊరంతా వాకిట్లో గుమికూడింది. రోగులు బాగయ్యారు. మర్నాడు ఇంకా చీకటి ఉండగానే ఆయన లేచి ఎవరూ లేని చోటికి వెళ్ళి ప్రార్థన చేస్తున్నాడు. సీమోను, అతనితో ఉన్నవాళ్ళు వెతుక్కుంటూ వచ్చి అందరూ నీకోసం చూస్తున్నారన్నారు. ఆయన ఆ జనం దగ్గరికి తిరిగి వెళ్ళలేదు, వేరే ఊళ్ళకు పోదామన్నాడు. ఎక్కడికి వెళ్ళాలో, ఎక్కడికి వెళ్ళనక్కర్లేదో ఆ చీకట్లో తేలిందన్నమాట. ఆదివారానికి మూడు ఆరాధనలు, వారంలో నాలుగు కూటాలు, మధ్యలో శుభకార్యాలు, చావులు చూసుకునే కాపరికి ఈ భాగం ఇతరులకు బోధించడంకంటే తనకు తాను చదువుకోవడానికే ఎక్కువ పనికొస్తుంది.

వేకువజామునే కూర్చోవాలన్న నియమం బైబిల్లో లేదు. దానియేలు రోజుకు మూడుసార్లు మోకరించాడు. ఇస్సాకు సాయంత్రం పొలంలోకి వెళ్ళాడు. రాత్రి డ్యూటీ చేసి ఆరింటికి ఇల్లు చేరే సెక్యూరిటీ గార్డుకు నాలుగు గంటల ప్రార్థన గురించి చెప్పడం వల్ల అపరాధభావం తప్ప ఏదీ పెరగదు. ఎంతసేపన్నది కూడా పెద్ద ప్రశ్న కాదు. నెలకోసారి చేసే ఆల్‌నైట్ ప్రార్థన వరదలాంటిది, పారిన చోటల్లా తడుపుతుంది, నాలుగు రోజుల్లో ఆరుతుంది. మడి పండేది రోజూ పారే పిల్లకాలువ వల్ల. పది నిమిషాలు చాలు, కానీ ఆ పది నిమిషాల్లో ఫోను ఇంకో గదిలో ఉండాలి. బైబిలు యాప్ తెరిచిన వేలు రెండో నిమిషానికి ఎక్కడికి జారుతుందో అందరికీ తెలిసిందే.

ఆ పది నిమిషాల్లో వినడానికి ఎంత? సంఘాల్లో నేర్పనిది ఎక్కువగా ఇదే. 12వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని కార్తూసియన్ మఠానికి పెద్దగా ఉన్న రెండో గీగో, సన్యాసులకోసం రాసిన చిన్న పుస్తకంలో నాలుగు మెట్లు చెప్పాడు: చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, ఊరకే నిలవడం. వాటిని ఆయన తిండితో పోల్చాడు. చదవడం ముద్ద నోట్లో పెట్టుకోవడం, ధ్యానం నమలడం, ప్రార్థనలో రుచి తెలుస్తుంది, నాలుగోది ఆ తీపే. పశువు నెమరు వెయ్యడంతో పోల్చడం కూడా ఆ మఠాల్లో మామూలే. తెలుగులోనూ మంచి మాటను నెమరు వేసుకోవడమనే అంటారు. లూకా 15వ అధ్యాయంలో తప్పిపోయిన కుమారుడి కథను ఈ పద్ధతిలో చదివితే ఒక పూటలో అంతా చదవక్కర్లేదు. పెద్దకొడుకు పొలం నుంచి ఇంటికి వస్తూ పాటలూ నాట్యమూ విని వాకిట్లోనే ఆగిపోయిన చోట ఆగవచ్చు. తండ్రి బయటికి వచ్చి అతన్ని బతిమాలతాడు. చిన్నవాడికోసం పరుగెత్తిన తండ్రి, పెద్దవాడికోసం విందు మధ్యలో లేచి రావడం చాలామంది వందసార్లు చదివీ గమనించని విషయం. అక్కడ ఆగి, తాను ఎవరిమీద అలిగి ఏ వాకిట్లో నిలబడ్డాడో చూసుకుంటే, మిగతా ప్రార్థన దానంతటదే నడుస్తుంది. చదువురాని వాళ్ళకు ఇది అందదన్నది అపోహ. ఒక్కసారి విన్న అధ్యాయాన్ని వారమంతా కలుపు తీస్తూ నెమరేసుకునే ముసలమ్మలు ప్రతి సంఘంలోనూ ఉన్నారు.

తెలుగు నేలకు ఈ మౌనం పరాయిదీ కాదు. 1938లో ముంగమూరి దేవదాసు ఆరంభించిన బైబిల్ మిషన్‌లో ‘సన్నిధి’ అంటే ఒక అభ్యాసం. దేవుడి ముందు మౌనంగా కూర్చుని కనిపెట్టడం. ఆ సంఘం బోధలన్నీ ఒప్పుకోని వాళ్ళు కూడా ఆ ఒక్క మాటను అరువు తెచ్చుకోవచ్చు. హోరేబు కొండ మీద ఏలీయాకు గాలిలో, భూకంపంలో, మంటలో దొరకని ప్రభువు వాటి తర్వాత వచ్చిన సన్నని స్వరంలో దొరికాడు. నాలుగు స్పీకర్లు వాకిలి వైపు తిప్పిన ప్రార్థన మందిరంలో ఆ అధ్యాయం చదివేటప్పుడు కొంచెం ఇబ్బందిగా ఉండాలి.

వినడం మొదలుపెట్టాక ఒక ప్రమాదమూ మొదలవుతుంది. ‘దేవుడు నాతో చెప్పాడు’ అనే మాటకు ఎదురు చెప్పడం ఎవరికీ చేతకాదు. అందుకే పౌలు థెస్సలొనీకయులకు రాస్తూ ప్రవచనాన్ని తోసిపుచ్చవద్దని, అన్నిటినీ పరీక్షించమని ఒకే ఊపున చెప్పాడు. పరీక్ష పెద్ద శాస్త్రమేమీ కాదు. ఆ మాట క్రీస్తు నడిచిన తీరుకు ఎదురుపోతోందా, దానివల్ల ఎవరి ప్రేమ పెరుగుతోంది, ఎవరి జేబు నిండుతోంది? ఫలానా పిల్లను చేసుకొమ్మని, ఫలానా స్థలం సంఘానికి రాసివ్వమని వచ్చే సందేశాల్లో చాలావాటికి మూడో ప్రశ్న దగ్గరే గుట్టు బయటపడుతుంది.

పనీపాటల్లో ఉన్నవాళ్ళకు ప్రార్థన నేర్పిన మంచి ఉదాహరణ కూడా ఒక ఉత్తరమే. విట్టెన్‌బర్గ్‌లో లూథర్‌కు క్షవరం చేసే పేతరు బెస్కెన్‌డోర్ఫ్ ఎలా ప్రార్థించాలో చెప్పమని అడిగాడు. 1535లో లూథర్ దానికి జవాబుగా ఒక చిన్న పుస్తకమే రాశాడు. ఐరోపా రాజులతో, పోపుతో తలపడిన మనిషి మంగలికోసం కూర్చుని రాశాడన్నదే అందులో సగం పాఠం. ప్రార్థనలో మనసు నిలపడం గురించి పేతరుకు పేతరు పనితోనే చెప్పాడు. మంచి మంగలి చూపు కత్తి మీద, వెంట్రుక మీద ఉంటుంది, కబుర్లలో పడితే ముక్కో గొంతో తెగుతుంది. ప్రభువు ప్రార్థన అయ్యాక పది ఆజ్ఞలు తీసుకుని ఒక్కొక్క దాన్నీ నాలుగు పేటలుగా అల్లుకోమన్నాడు: ఇది ఏం నేర్పుతోంది, దేనికి కృతజ్ఞత చెప్పాలి, ఏది ఒప్పుకోవాలి, ఏం అడగాలి. ఈ మధ్యలో మంచి ఆలోచన ఒకటి వచ్చిందంటే మిగతావన్నీ వదిలేసి ఊరకే వినమన్నాడు, అప్పుడు బోధిస్తున్నది పరిశుద్ధాత్మ కాబట్టి. ఇంకాసేపటికి చేద్దాంలే, ఈ పని ఒకటి ముగించి కూర్చుందాం అన్న ఆలోచనను నమ్మొద్దని కూడా ముందే హెచ్చరించాడు.

ఆ కథ అక్కడితో తీయగా ముగియలేదు. అదే ఏడాది పేతరు తాగిన మత్తులో సొంత అల్లుణ్ణి పొడిచి చంపాడు. లూథర్ వంటివాళ్ళు కలగజేసుకోవడంతో ప్రాణం దక్కింది, ఆస్తి పోయింది, ఊరు వదలాల్సి వచ్చింది. ప్రార్థన మీద రాసిన పుస్తకాల్లో ఎంతో మంచిదని పేరున్న పుస్తకాన్ని అందుకున్న మనిషి చరిత్ర ఇది. దేవునితో సంబంధం పాపానికి టీకా కాదు. లూథర్ ఆ మనిషిని వదిలెయ్యలేదన్నదీ చరిత్రలో భాగమే.

ఇంకో వంద ఏళ్ళ తర్వాత పారిస్‌లో కార్మెలైట్ మఠం వంటింట్లో బ్రదర్ లారెన్స్ ఉన్నాడు. అసలు పేరు నికొలా ఎర్మాన్. లొరేన్ ప్రాంతపు సిపాయి, యుద్ధంలో గాయపడ్డాడు. వంటపని అంటే ఆయనకు ఇష్టం లేదు. అయినా ఏళ్ళ తరబడి అదే చేశాడు, తర్వాత సన్యాసుల చెప్పులు కుట్టాడు, 1691లో పోయాడు. పెనం మీద అట్టు తిప్పడం కూడా దేవుని మీద ప్రేమతోనే చేస్తానని, గిన్నెల చప్పుడు మధ్య కూడా మోకాళ్ళ మీద ఉన్నప్పటి నెమ్మదే తనకుంటుందని ఆయన చెప్పిన మాటలను మరణానంతరం ఒక మతగురువు పుస్తకంగా కూర్చాడు. ఇది చదివి ‘ఎంత తేలిక’ అనుకునేవాళ్ళు ఆయన ఉత్తరాలు కూడా చదవాలి. మొదటి పదేళ్ళు ఎంతో బాధపడ్డానని ఆయనే ఒప్పుకున్నాడు. మధ్యాహ్న భోజన పథకంలో రెండొందల మందికి పప్పు కలిపే ఆయాకు ఇది పనికొచ్చే సంగతి. మనసు జారిపోయిన ప్రతిసారీ తనను తాను తిట్టుకోకుండా మళ్ళీ దేవుడి వైపు తిప్పుకోవడం తప్ప ఇందులో వేరే మెళకువ లేదు.

ఎండిపోయిన కాలాల గురించి సంఘాల్లో మాట్లాడరు. సాక్ష్యాల వేళ లేచి నిలబడి ‘ఏడాదిగా ప్రార్థిస్తున్నాను, ఏమీ వినబడటం లేదు’ అన్నవాళ్ళు ఉండరు, ఎందుకంటే తర్వాత వచ్చే జవాబు వాళ్ళకు తెలుసు: విశ్వాసం చాలలేదు, ఏదో పాపం అడ్డుంది. కొన్నిసార్లు అది నిజం కావచ్చు. ప్రతిసారీ కాదు. స్పెయిన్ సన్యాసి సిలువ యోహాను ఈ ఎండిన కాలాన్ని రాత్రి అన్నాడు. సంస్కరణ నచ్చని సొంత సభవాళ్ళే ఆయన్ని 1577 డిసెంబరు నుంచి తొమ్మిది నెలలు తొలేదోలో ఇరుకు గదిలో బంధించారు. తప్పించుకుని వచ్చాక ఆయన రాసినదాని సారం ఇది: దేవుడు తల్లి పాలు మాన్పించినట్టు తీపి మాన్పిస్తాడు, బిడ్డ దాన్ని విడిచిపెట్టడం అనుకుంటుంది. మదర్ తెరెసా పోయిన పదేళ్ళకు, 2007లో ఆమె ఉత్తరాలు అచ్చయినప్పుడు, దాదాపు యాభై ఏళ్ళు ఆమె ఆ చీకట్లోనే పనిచేసిందని లోకానికి తెలిసింది. ఆమె ఆ సంగతి చెప్పుకున్నది తన ఆత్మీయ గురువులతో మాత్రమే. వాళ్ళు ఆమెను గద్దించి పంపలేదు. ఒక విశ్వాసి అలాంటి మాట చెప్పుకోగల మనిషి సంఘంలో ఒకరైనా ఉండాలి. అది కాపరే అయితే మరీ మంచిది. ఆ చీకటి వెనుక నిద్రపట్టని రాత్రులు, తిండి సహించకపోవడం, చనిపోవాలన్న ఆలోచన ఉంటే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళడం కూడా కాపుదలలో భాగమే.

సంబంధం నిజమో కాదో తేలేది పక్కమనిషి దగ్గర. కళ్ళెదుట ఉన్న సహోదరుణ్ణి ప్రేమించనివాడు కనబడని దేవుణ్ణి ప్రేమిస్తున్నానంటే అబద్ధమని యోహాను మొదటి పత్రిక మొహమాటం లేకుండా అంటుంది. బలిపీఠం దగ్గర కానుక వదిలేసి ముందు వెళ్ళి సమాధానపడి రమ్మని యేసు చెప్పాడు. కలిగినవాళ్ళు ముందే తినేసి పేదవాళ్ళను ఆకలితో ఉంచిన కొరింథువాళ్ళ విందు ప్రభువు భోజనమే కాదన్నాడు పౌలు. మాలపేటలో ఒక చర్చి, మాదిగపేటలో ఇంకొకటి, రెండింటి మధ్యా సంబంధాల మాట వస్తే మౌనం. ఇవన్నీ చూస్తూనే వ్యక్తిగత సన్నిహిత సంబంధం గురించి ప్రసంగించడం తెలుగు సంఘానికి అలవాటైంది. ఏకాంతంలో దేవుడు ఎవరితోనైనా నిజంగా మాట్లాడాడంటే ఈ సంగతి ఎత్తకుండా ఉండడు.

కాపరి చెయ్యగలిగినవి చిన్నవే. ప్రసంగం తర్వాత పాట ఎత్తుకోకుండా మూడు నిమిషాలు మౌనం పాటించడం. మొదటి నెల దగ్గులూ కుర్చీల చప్పుడూ తప్ప ఏమీ ఉండవు. ప్రార్థన మనవి తెచ్చినవాళ్ళను ముందు వాళ్ళ మాటల్లోనే దేవుడికి చెప్పమని, తర్వాత తాను జత కలవడం. నెలకోసారి ఒక ఫిర్యాదు కీర్తన చదవడం. రోజు ఎలా గడిచిందో, ఎక్కడ దేవుడు దగ్గరగా అనిపించాడో, ఎక్కడ తాను తప్పించుకున్నాడో రాత్రి పడుకోబోయే ముందు చూసుకునే అలవాటు యువకులకు నేర్పడం. 16వ శతాబ్దపు ఇగ్నేషియస్ లయోలా తన అనుచరులకు ఈ ఆత్మ పరిశీలనను తప్పనిసరి చేశాడు. వీటిలో ఏదీ రిపోర్టులో రాసుకునేది కాదు. ఒంగోలు పేరు చెబితే 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే బాప్తిస్మం పొందిన 2,222 మందిని అందరూ తలుచుకుంటారు. దానికి 24 ఏళ్ళ ముందు, 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జ్యూయెట్ దంపతులతో కలిసి ముగ్గురు తెలుగు విశ్వాసులు ప్రార్థించడానికి ఆ ఊరి కొండెక్కారు. మొత్తం ఐదుగురు. అప్పటికి కింద ఊళ్ళో లెక్కపెట్టడానికి ఎవరూ లేరు.

షిలోహులో ఆ రాత్రి తర్వాత ఏం జరిగిందో సండే స్కూలు పాఠంలో సాధారణంగా చెప్పరు. సమూయేలు విన్న మాట ఏలీ ఇంటి మీద తీర్పు. పిల్లవాడు తెల్లవారేదాకా పడుకున్నాడు, లేచి రోజూలాగే మందిరం తలుపులు తీశాడు, విన్నది చెప్పడానికి భయపడ్డాడు. ఏలీ అతన్ని పిలిచాడు. ఏదీ దాచవద్దని ఒట్టు పెట్టి అడిగాడు. తాను నేర్పిన జవాబు వల్లనే తనమీదికి వచ్చిన ఆ మాటను చివరిదాకా విన్నాడు. పిల్లవాణ్ణి గద్దించలేదు, అది దేవుడి స్వరం కాదనలేదు. సెలవిచ్చింది ప్రభువే అని ఒప్పుకున్నాడు.

ఇట్లు
సంఘంలో ఒక విశ్వాసి